డిప్రెషన్ మాత్ర మొదలెట్టిన తొమ్మిదో రోజుకి కుదురు పోయింది: జబ్బు పెరిగిందా, మాత్ర పనా?

అడిగిన విషయం క్లుప్తంగా ఇదీ. తమ్ముడికి 22 ఏళ్ళు, బీటెక్ ఆఖరి సంవత్సరం. రెండు నెలలుగా దిగులు, తిండి సయించకపోవడం, నిద్ర పట్టకపోవడం. డాక్టరు డిప్రెషన్‌కిచ్చే ఎస్సిటాలోప్రామ్ 10 మి.గ్రా., నిద్రకూ నెమ్మదికీ ఇచ్చే క్లోనజెపామ్ 0.5 మి.గ్రా. కలిసిన 'ప్లస్' మాత్ర రాత్రిపూట వేసుకోమన్నారు. కడుపు ఉబ్బరంగా ఉందంటే ఓ గ్యాస్ క్యాప్సూల్ కూడా రాశారు. మొదటి నాలుగు రోజులు మగతగా ఉన్నాడు. ఆరో రోజు నుంచి కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతున్నాడు. అర్ధరాత్రి డాబా మీద నడుస్తున్నాడు, ఏం మాట్లాడినా కసురుకుంటున్నాడు. నిన్న "ఈ ఒంట్లో ఉండలేకపోతున్నా అక్కా" అన్నాడు. ఇవాళ తొమ్మిదో రోజు. డోసు సరిపోలేదు, 20కి పెంచుదామని నాన్నగారు. మాత్రలు వేడి చేశాయి, మొత్తం మానేసి మజ్జిగ తాగిద్దామని అమ్మగారు.

పెంచొద్దు. డాక్టరుకు చెప్పకుండా ఆపనూ వద్దు. చీటీ రాసిన డాక్టరుతో ఇవాళే మాట్లాడండి, మళ్ళీ చూపించుకోమన్న తేదీ దాకా ఆగకండి. మీరు రాసినదాన్ని బట్టి జబ్బు ముదిరిందనడం కన్నా మందు పడలేదనడానికే ఆధారాలు ఎక్కువగా కనిపిస్తున్నాయి. మందు మొదలెట్టాక గానీ డోసు మార్చాక గానీ రోజుల వ్యవధిలో కొత్తగా పుట్టిన కలతను ముందు మందు ఖాతాలోనే రాసి చూడాలి. అది కాదని తేలాకే జబ్బు ఖాతాలో వేయాలి. చాలా ఇళ్ళలో, కొన్ని క్లినిక్కుల్లో కూడా ఇది తలకిందులుగా జరుగుతుంది.

అన్నిటికన్నా ముందు ఒక పని ఉంది. తమ్ముడి పక్కన కూర్చుని నేరుగా అడగండి: "చచ్చిపోవాలనిపిస్తోందా? ఎలాగో కూడా ఆలోచించావా?" అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయపడకండి, అలా పుట్టదు. ఎవరో ఒకరు అడిగారన్న ఊరటే ఎక్కువమందికి దక్కుతుంది. అవునన్నా, జవాబు చెప్పకుండా తల తిప్పుకున్నా ఒక్కణ్ణీ వదలకండి. రాత్రి ఒకరు అతని గదిలోనే పడుకోండి, డాబా తలుపుకు తాళం వేయండి. ఇంట్లో ఉన్న మాత్రలన్నీ, అమ్మానాన్నల బీపీ, షుగరు మాత్రలతో సహా, మీ దగ్గర తాళంలో పెట్టుకుని ఏ పూటవి ఆ పూట ఇవ్వండి. వ్యవసాయం ఉన్న ఇల్లయితే పురుగుమందు డబ్బా ఇంట్లో గానీ, కొట్టంలో గానీ, పొలం దగ్గరి షెడ్డులో గానీ ఉండకూడదు, ఇవాళే దూరంగా వేరేవాళ్ళకు అప్పగించండి. ఎలా చేయాలో కూడా అనుకున్నానంటే ఇక ఫోన్ల కోసం ఆగొద్దు. 108కి ఫోన్ చేయండి లేదా దగ్గర్లోని పెద్దాసుపత్రి క్యాజువాలిటీకి తీసుకెళ్ళండి. పోలీసు కేసు అవుతుందేమోనని వెనకాడే కుటుంబాలు ఇంకా ఉన్నాయి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం అలాంటి మనిషిని తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నవాడిగానే భావించాలి, శిక్షించకూడదు.

ఇక అసలు విషయం. మీరు వర్ణించిన స్థితికి వైద్యంలో అకథీసియా అని పేరు. చెక్ వైద్యుడు హష్కోవెట్స్ 1901లో గ్రీకు మాటల నుంచి కట్టిన పేరు ఇది, కూర్చోలేకపోవడం అని అర్థం. మనవాళ్ళు చెప్పుకునే కాలు కాలిన పిల్లి సామ్యం దీనికి అచ్చంగా సరిపోతుంది. స్కిజోఫ్రీనియా మందులతో ఎక్కువగా వస్తుంది, డిప్రెషన్ మందులతో తక్కువగానే వస్తుంది, కానీ వస్తుంది. సెరటోనిన్, డోపమిన్ మెదడులో కబురు మోసే రసాయనాలు. ఈ మందులతో సెరటోనిన్ పెరిగినప్పుడు మెదడులో కదలికలను అదుపు చేసే భాగాల్లో డోపమిన్ పని కొంత అణగడమే కారణమని ఎక్కువమంది భావిస్తున్నారు.

ఆందోళనకూ దీనికీ తేడా పట్టుకోవడం పెద్ద కష్టం కాదు, ప్రశ్న సరిగ్గా వేయాలంతే. "గాభరాగా ఉందా?" అంటే రెండు జబ్బులవాళ్ళూ అవుననే అంటారు. "కూర్చుంటే ఎక్కడ ఏమవుతోంది?" అనండి. ఆందోళన ఉన్నవాడు మనసులోని భయం చెబుతాడు: పరీక్ష, ఉద్యోగం, గుండె ఆగిపోతుందేమో. అకథీసియా ఉన్నవాడు ఒంటి గురించి చెబుతాడు: తొడల్లో, పిక్కల్లో ఏదో తోడేస్తోంది, చర్మం కింద ఏదో పాకుతోంది, లేచి నడిస్తే కాస్త నయం, కూర్చుంటే మళ్ళీ మొదలు. దేనికి భయమో అడిగితే చెప్పలేడు.

తర్వాత కళ్ళతో చూడండి. బార్న్స్ అనే వైద్యుడు 1989లో తయారుచేసిన కొలమానంలో మొదటి మెట్టు ఎవరైనా ఇంట్లో చేయగలిగేదే. చేతుల్లేని కుర్చీలో రెండు నిమిషాలు కూర్చోబెట్టండి, తర్వాత రెండు నిమిషాలు నిలబెట్టండి. మామూలు కబుర్లు చెబుతూ కాళ్ళు మాత్రం గమనించండి. కూర్చున్నప్పుడు పాదాలు నేల మీద రాస్తుంటాడు, కాలు మీద కాలు వేసి అరనిమిషంలో తీసేస్తాడు, అరచేతులతో తొడలు రుద్దుకుంటాడు. నిలబడ్డప్పుడు బరువు ఈ కాలి మీంచి ఆ కాలి మీదికి మారుస్తూ ఉన్నచోటే అడుగులు వేస్తాడు. ఒప్పుకుంటే ఆ నాలుగు నిమిషాలు ఫోన్‌లో వీడియో తీయండి. డాక్టరుకు పది వాక్యాలు చెప్పలేనిది ఆ వీడియో చెబుతుంది. కాళ్ళు కదలకుండా లోపల్లోపలే నలిగిపోయే రకం కూడా ఉంది కాబట్టి కళ్ళకు కనబడనంత మాత్రాన లేదనుకోకండి. రాత్రి పడుకున్నాకే మొదలై కాళ్ళకే పరిమితమైతే అది రెస్ట్‌లెస్ లెగ్స్ అనే వేరే జబ్బు, ఇనుము తక్కువైనవాళ్ళలో తరచు కనిపిస్తుంది. దానికి ఒంట్లో ఇనుము నిల్వ చూసే ఫెరిటిన్ పరీక్ష చేయిస్తారు.

ఇది ప్రమాదకరం కావడానికి కారణం ఆ బాధ స్వభావమే. దిగులుతో నీరసంగా పడి ఉన్న మనిషికి ఒక్కసారిగా నిలువనీయని శక్తి వచ్చిపడుతుంది, మనసు మాత్రం ఇంకా తేరుకోలేదు. ఈ ఒంట్లోంచి బయటపడితే చాలనిపిస్తుంది. మీ తమ్ముడన్న మాట అదే. 1990లో అమెరికాలో, ఇదే కోవ డిప్రెషన్ మందు ఫ్లుయాక్సిటిన్ మొదలెట్టాక తీవ్రమైన ఆత్మహత్య ఆలోచనలు పుట్టిన ఆరుగురి గురించి వైద్యులు ప్రచురించారు. మరుసటి ఏడు ఇంకో బృందం, ఆ మందు మీద ఉండగా ఆత్మహత్యకు ప్రయత్నించిన ముగ్గురికి అదే మందు పర్యవేక్షణలో మళ్ళీ ఇచ్చి చూసింది. ముగ్గురికీ అకథీసియా తిరగబెట్టింది, దాంతోపాటే ఆ ఆలోచనలూ వచ్చాయి. మందు ఆపాకో, బీపీకి, గుండెదడకు వాడే ప్రొప్రనలాల్ ఇచ్చాకో తగ్గాయి. ముగ్గురి మీద పెద్ద సిద్ధాంతం కట్టలేం గానీ, ఆ స్థితిలో ఉన్న మనిషిని ఎలా చూసుకోవాలో అది చెబుతుంది.

ఇక్కడ జరిగే పొరపాటు దాదాపు ఎప్పుడూ ఒకటే. ఇంట్లోవాళ్ళు ఫోన్ చేసి "ఆందోళన ఎక్కువైంది సార్" అంటారు. అవతల రద్దీలో ఉన్న డాక్టరు, మందు ఇంకా పట్టలేదనుకుని డోసు పెంచుతారు. పదికి ఇలా అయిన మనిషికి ఇరవై ఇస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. అందుకే మీ నోటి నుంచి 'ఆందోళన' అన్న మాట రాకూడదు. తేదీలు, కాళ్ళు, నడక రావాలి.

ఇప్పుడు ఆ గ్యాస్ క్యాప్సూల్ తీసి స్ట్రిప్ వెనక సన్న అక్షరాలు చదవండి. నాకు దాని మీద గట్టి అనుమానం ఉంది. మన దగ్గర విరివిగా రాసే గ్యాస్ క్యాప్సూళ్ళు చాలావాటిలో లెవోసల్పిరైడ్ అనే మందు కలిసి ఉంటుంది. అది డోపమిన్‌ను అడ్డుకునే మందు, అంటే స్వయంగా అకథీసియా తెప్పించగలదు. వాంతులకిచ్చే మెటోక్లోప్రమైడ్, కళ్ళు తిరిగితే ఇచ్చే ప్రోక్లోర్‌పెరజిన్ కూడా అంతే. ఇక అదే క్యాప్సూల్‌లో యాసిడ్ తగ్గించే ఒమెప్రజోల్ గానీ ఎసోమెప్రజోల్ గానీ ఉంటే ఇంకో చిక్కు. ఎస్సిటాలోప్రామ్‌ను కాలేయంలో విరగ్గొట్టే ఎంజైము సీవైపీ2సీ19, దాన్ని ఈ రెండూ అడ్డుకుంటాయి. ఒమెప్రజోల్ 30 మి.గ్రా.తో కలిపి ఇచ్చినప్పుడు రక్తంలో ఎస్సిటాలోప్రామ్ దాదాపు 50 శాతం పెరిగినట్టు మందు వివరపత్రంలోనే ఉంది. పైగా ఆ ఎంజైము పుట్టుకతోనే మందకొడిగా ఉండేవాళ్ళు ఐరోపా వాళ్ళలో కన్నా మన దక్షిణాసియా వాళ్ళలో ఎక్కువ. అంటే చీటీలో 10 ఉన్నా ఒంటికి 15 పడుతుండవచ్చు, దాని పక్కన డోపమిన్‌ను అడ్డుకునే మందు ఇంకోటి. ఇదే తేలితే ముందు మార్చాల్సింది గ్యాస్ మందునే కావచ్చు. ఆ క్యాప్సూల్ పేరు, అందులోని మందుల పేర్లు డాక్టరుకు చదివి వినిపించండి. పాంటోప్రజోల్ ఈ ఎంజైమును అంతగా కదపదు కాబట్టి, యాసిడ్ మందు నిజంగా అవసరమైతే దానికి మార్చే వీలుంటుంది.

అకథీసియానే అని తేలితే డాక్టరు ఏం చేయవచ్చంటే: డోసు 5 మి.గ్రా.కి తగ్గించి చూడటం, లేదా ఆపి వేరే రకం మందుకు మారడం, బాధ తగ్గేదాకా ప్రొప్రనలాల్ 10 నుంచి 20 మి.గ్రా. రోజుకు రెండు మూడుసార్లు ఇవ్వడం. ఉబ్బసం ఉన్నవాళ్ళకు ప్రొప్రనలాల్ ఇవ్వకూడదు, నాడి నెమ్మదిగా కొట్టుకునేవాళ్ళకూ పనికిరాదు. మెడికల్ షాపులో అడిగి మీ అంతట మీరు తేవద్దు. ఎస్సిటాలోప్రామ్ రక్తంలో సగానికి తగ్గడానికి సుమారు 30 గంటలు పడుతుంది, కాబట్టి ఆపినా పూర్తిగా పోవడానికి ఆరేడు రోజులు. ఫ్లుయాక్సిటిన్ అయితే వారాలు. ఆపిన మర్నాడే తగ్గలేదని నిరాశపడొద్దు, ఆ వారమంతా కాపలా సడలించొద్దు.

తొమ్మిది రోజులకే ఆపితే మానేసిన తిప్పలు పెద్దగా ఉండవు. నెలల తరబడి వాడినవాళ్ళ సంగతి వేరు, కింద రాస్తాను. ఇవాళ రాత్రి మాత్ర వేయాలా, సగం వేయాలా, మానాలా అన్నది ఆ ఫోన్‌లోనే అడిగి తేల్చుకోండి. డాక్టరు వారానికోసారి మీ ఊరొచ్చేవారై ఫోన్‌లో దొరక్కపోతే టెలీమానస్ నంబరు 14416కి చేయండి. రాత్రీపగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడవచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. ముందు కౌన్సెలర్ మాట్లాడతారు, అవసరమైతే మానసిక వైద్యులకు కలుపుతారు. హైదరాబాద్ చుట్టుపక్కలవాళ్ళకు ఎర్రగడ్డ, ఉత్తరాంధ్రవాళ్ళకు విశాఖ చినవాల్తేరు ప్రభుత్వ మానసిక ఆసుపత్రులు ఉన్నాయి.

వయసు సంగతి కూడా చెప్పాలి, 22 అన్నారు కాబట్టి. 2004లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పిల్లల మీద జరిగిన 24 ప్రయోగాలను, 4,400 మందికి పైగా ఉన్నవాటిని, కలిపి చూసింది. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళలో నూటికి ఇద్దరికి ఆత్మహత్య ఆలోచనలో ప్రయత్నాలో కనిపిస్తే, నిజం మందు వేసుకున్నవాళ్ళలో నూటికి నలుగురికి కనిపించాయి. ఆ ప్రయోగాల్లో ఎవరూ చనిపోలేదు. దాంతో ఈ మందులన్నిటి వివరపత్రాల మీద నల్లగీతల పెట్టెలో హెచ్చరిక వేయించారు, 2007లో దాన్ని 24 ఏళ్ళ దాకా పెంచారు. పెద్దవాళ్ళ ప్రయోగాలూ కలిపి లెక్కేస్తే వెయ్యిమందికి తేడా ఇలా వచ్చింది: 18 లోపువారిలో 14 కేసులు ఎక్కువ, 18 నుంచి 24లో 5 ఎక్కువ, 25 నుంచి 64లో 1 తక్కువ, 65 దాటినవాళ్ళలో 6 తక్కువ. అంటే అదే మందు వయసుతోపాటు ముప్పు నుంచి రక్షణ వైపు జరుగుతోంది. మీ తమ్ముడు ముప్పు వైపున్నాడు, చివరంచున. ఇది మందు ఎప్పటికీ వద్దని కాదు. వైద్యం లేని డిప్రెషన్ కూడా ప్రాణం తీస్తుంది, ఈ మందులతో తేరుకుని చదువులు పూర్తిచేసినవాళ్ళు లెక్కలేనంతమంది. పాతికేళ్ళ లోపువాళ్ళకు మొదటి నెల వారం వారం ఎవరో ఒకరు చూడాలని దీని అర్థం. "నెల తర్వాత రండి" అని పంపడం ఈ వయసుకు చాలదు. మొదటి వారం ఎస్సిటాలోప్రామ్ అయితే 5, అదే కోవ సెర్ట్రలిన్ అయితే 25 మి.గ్రా.తో మొదలెట్టి పెంచే పద్ధతి కూడా ఇలాంటివాళ్ళకు, ముఖ్యంగా గాభరా పడే మనుషులకు, మేలు.

అకథీసియా కాకపోతే రెండో అనుమానం ఉన్మాదం. దిగులూ ఉన్మాదమూ మారిమారి వచ్చే బైపోలార్ జబ్బు చాలామందిలో ముందు దిగులు రూపంలోనే బయటపడుతుంది, అదీ సరిగ్గా ఈ వయసులోనే. అప్పుడు ఒక్క డిప్రెషన్ మందే ఇస్తే మనసు అటు చివర నుంచి ఇటు చివరకు తిరగబడవచ్చు. అమిట్రిప్టిలిన్ లాంటి పాత డిప్రెషన్ మందులతో, వెన్లఫాక్సిన్‌తో ఈ ముప్పు ఎక్కువ. పట్టుకునే గుర్తు నిద్ర. అకథీసియా ఉన్నవాడు నిద్ర కావాలని ఏడుస్తాడు, రాదు. ఉన్మాదంలో ఉన్నవాడు మూడు గంటలు పడుకుని తెల్లవారుజామున హుషారుగా లేస్తాడు, నిద్రే అక్కర్లేదంటాడు. మాట ఆగదు, ఒక విషయం మీంచి ఇంకో విషయానికి దూకుతాడు, అప్పులు చేసి కొంటాడు, రాత్రికి రాత్రి కంపెనీ పెడతానంటాడు, అడ్డొస్తే విరుచుకుపడతాడు. రెండూ కలగలిసి, బాధా హుషారూ ఒకేసారి ఉండే స్థితి ఇంకా ప్రమాదం. అప్పుడు డిప్రెషన్ మందు ఆపించి లిథియం లాంటి మూడ్ స్టెబిలైజరో (మనసు అటూఇటూ ఊగకుండా పట్టి ఉంచే మందు), క్వెటయపిన్ లాంటిదో ఇస్తారు.

ఇక్కడ ఇంట్లోవాళ్ళను ఒకటి వేడుకుంటున్నాను. తాత, మేనమామ, చిన్నాన్న, పెద్దమ్మ, ఎవరికైనా ఇలాంటి జబ్బు వచ్చి ఉంటే, ఎర్రగడ్డలోనో చినవాల్తేరులోనో ఉండి వచ్చి ఉంటే, ఆత్మహత్య జరిగి ఉంటే డాక్టరుకు చెప్పండి. పెళ్ళి సంబంధాలు తప్పిపోతాయని దాస్తారు, నాకు అర్థమవుతుంది. డాక్టరు గదిలో చెప్పింది పెళ్ళిచూపులదాకా పోదు. చెప్పకపోతే మాత్రం తప్పు మందు పడుతుంది. కాన్పు తర్వాత దిగులు పడిన ఆడపిల్లల విషయంలో ఇది మరీ ముఖ్యం, బైపోలార్ తొలిసారి బయటపడే సమయాల్లో అదొకటి.

'ప్లస్' మాత్ర గురించి. అందులో రెండు మందులున్న సంగతి వాడేవాళ్ళలో చాలామందికి తెలియదు. క్లోనజెపామ్ నిద్ర, నెమ్మది ఇస్తుంది, అకథీసియాను కొంత కప్పిపుచ్చుతుంది కూడా. రెండు మూడు వారాల కోసం రాసింది ఏళ్ళ తరబడి సాగిపోతుంటుంది. ఒంటికి అలవాటు పడ్డాక ఒక్కసారిగా మానేస్తే నిద్ర పూర్తిగా పోవడం, వణుకు, ఒక్కోసారి ఫిట్స్. ఇందులో ఉన్న తిరకాసేమిటంటే, 'ప్లస్' ఆపితే ఒకేరోజు రెండు మందులు ఆపినట్టు. షాపులో స్టాకు లేదని మామూలు ఎస్సిటాలోప్రామ్ ఇస్తే ఒకటి ఆపినట్టు, అదీ మీకు తెలియకుండా. ప్రతిసారీ స్ట్రిప్ మీద రెండు పేర్లూ సరిచూసుకోండి. నెలలు వాడాక మానాలంటే ముందు రెండిటినీ విడివిడి మాత్రలుగా రాయించుకోవాలి, అప్పుడే ఒకదాని తర్వాత ఒకటి తగ్గించడం సాధ్యం. ఈ మాత్ర వేసుకుని మద్యం తాగడం ప్రాణం మీదికి తెస్తుంది.

నెలల తర్వాత మానేటప్పుడు వచ్చే చిక్కు వేరు. పారాక్సిటిన్, వెన్లఫాక్సిన్ అనే డిప్రెషన్ మందులతో ఎక్కువ, ఫ్లుయాక్సిటిన్‌తో తక్కువ. మానిన రెండు మూడు రోజుల్లో తల తిప్పడం, వికారం, తలలో కరెంటు షాకు కొట్టినట్టు మెరుపులు, పీడకలలు, ఊరికే ఏడుపు, కోపం, కొందరికి అకథీసియా. జబ్బు తిరగబెట్టడమైతే వారాలు, నెలలు పట్టి మెల్లగా వస్తుంది, కరెంటు మెరుపులు ఉండవు. మళ్ళీ పాత డోసు వేస్తే ఒకట్రెండు రోజుల్లో సర్దుకుంటే అది మానేసిన బాధే. 2024లో చాలా అధ్యయనాలను కలిపి చూసినప్పుడు, మందు మానినవాళ్ళలో నూటికి 31 మందికి, ఉత్తుత్తి మాత్ర మానినవాళ్ళలో 17 మందికి ఇలాంటి లక్షణాలు వచ్చాయి, తీవ్రంగా వచ్చినవాళ్ళు నూటికి ముగ్గురు.

తగ్గించడంలో అందరూ తడబడేది చివరి మెట్టు దగ్గర. ఎస్సిటాలోప్రామ్‌కు దగ్గరి చుట్టమైన సిటాలోప్రామ్‌నే తీసుకోండి. దాని 20 మి.గ్రా. డోసు, మెదడులో సెరటోనిన్‌ను వెనక్కి లాక్కునే ద్వారాలను దాదాపు 80 శాతం కప్పుతుంది. పదికి తగ్గించినా ఇంకా 70 శాతం దగ్గరే ఉంటుంది. అంటే 20 నుంచి 10కి దిగడం చిన్న మెట్టు, 10 నుంచి సున్నాకి దిగడం బావిలోకి దూకడం. అందుకే 5, 2.5, ఇంకా తక్కువ అంటూ చివర్లో చిన్న చిన్న మెట్లు కావాలి, ఒక్కో మెట్టు మీద రెండు నుంచి నాలుగు వారాలు ఆగాలి. రోజు విడిచి రోజు వేసుకుంటూ తగ్గించడం మన దగ్గర బాగా వాడుక. ఫ్లుయాక్సిటిన్‌కు ఫరవాలేదు, అది ఒంట్లో చాలా రోజులుంటుంది. పారాక్సిటిన్, వెన్లఫాక్సిన్, ఎస్సిటాలోప్రామ్‌లకు అలా చేస్తే రోజు విడిచి రోజు మానేసినట్టే. నెమ్మదిగా విడుదలయ్యే మాత్రలను విరగ్గొట్టకూడదు, నమలకూడదు.

ఇంట్లో పెద్దవాళ్ళు ఇవే మందులు వాడుతుంటే చూడాల్సింది వేరు. అరవై దాటినవాళ్ళలో మొదటి నెలలో రక్తంలో సోడియం పడిపోవచ్చు. బీపీ మాత్ర పేరు చివర 'హెచ్' ఉంటే, అంటే హైడ్రోక్లోరోథయజైడ్ కలిసి ఉంటే, ముప్పు ఇంకా ఎక్కువ. మనిషి తికమకపడతాడు, తూలుతాడు, రాత్రిళ్ళు సంబంధం లేని మాటలు మాట్లాడతాడు, ఇంట్లో మతిమరుపు వచ్చిందనుకుంటారు. సీరం ఎలక్ట్రోలైట్స్ పరీక్ష ఒక్కటి చాలు. మామూలుగా 135 నుంచి 145 ఉండాలి, 125 కిందకు పోతే ఫిట్స్ రావచ్చు. మొదలెట్టిన రెండు వారాలకు ఒకసారి చేయించండి. అమిట్రిప్టిలిన్ అయితే సోడియం బాగున్నా కూడా వృద్ధుల్లో మతి భ్రమించి లేనివి కనబడటం, మూత్రం బిగిసిపోవడం జరుగుతాయి.

సెరటోనిన్ మితిమీరినప్పుడు వచ్చే సెరటోనిన్ సిండ్రోమ్ అరుదు, కానీ గంటల్లో ముదురుతుంది. నడుంనొప్పికిచ్చే ట్రమడాల్, దగ్గు సిరప్పుల్లోని డెక్స్‌ట్రోమెథార్ఫాన్, మొండి క్షయకు వాడే లినెజోలిడ్ ఈ మందులతో కలిసినప్పుడు వస్తుంది. చెమటలు, జ్వరం, విరేచనాలు, వణుకు, పాదాన్ని పైకి నెట్టి పట్టుకుంటే టకటకా కొట్టుకోవడం, గందరగోళం. ఇలా కనిపిస్తే 108, మందుల సంచీ వెంట ఉండాలి. ఏ డాక్టరు దగ్గరకెళ్ళినా, దంతాల డాక్టరయినా సరే, ఈ మాత్ర వాడుతున్నట్టు చెప్పించండి.

నెలల తర్వాత "ఏడుపు రాదు, నవ్వూ రాదు, అమ్మ జ్వరంతో పడుకున్నా ఏమీ అనిపించలేదు" అనే మొద్దుబారినతనం కూడా నిజమైన దుష్ప్రభావమే. తరచు డోసు తగ్గిస్తే పోతుంది. దాన్ని సిగ్గుపడి దాచుకోకూడదు.

ఇప్పుడు ఫోన్. ముందు ఓ కాగితం మీద రాసుకోండి: ఏ తేదీన మొదలు, ఎన్నింటికి వేస్తున్నాడు, ఏ రోజు నుంచి ఏం మారింది, ఎన్ని గంటలు నిద్ర, వేరే ఏ మందులున్నాయి. తర్వాత ఈ మాటల్లోనే చెప్పండి: "డాక్టరుగారూ, ఎస్సిటాలోప్రామ్ 10 మొదలెట్టి తొమ్మిది రోజులైంది. ఆరో రోజు నుంచి కూర్చోలేకపోతున్నాడు, రాత్రంతా నడుస్తున్నాడు. కాళ్ళలో తోడేస్తోందంటున్నాడు. మందు మొదలెట్టకముందు ఇది లేదు. ఈ ఒంట్లో ఉండలేనన్నాడు. గ్యాస్ క్యాప్సూల్‌లో ఫలానా మందులున్నాయి. ఇది అకథీసియా అయి ఉంటుందా? ఇవాళ రాత్రి డోసు ఏం చేయమంటారు?" కాళ్ళలో అలా ఏమీ లేదని తమ్ముడంటే ఆ వాక్యం తీసేసి అతను చెప్పిందే చెప్పండి. చనిపోవాలన్న ఆలోచన గురించి మీరడిగినప్పుడు ఏమన్నాడో కూడా ఉన్నదున్నట్టు చెప్పండి. అక్కడి నుంచి డాక్టరు ఏం చెప్పినా, 48 గంటల్లో ఎవరు మళ్ళీ చూస్తారో అడగకుండా ఫోన్ పెట్టొద్దు.

ఇది మందు వల్లేనని తేలాక చేయాల్సినవి రెండున్నాయి. ఒకటి, మందుల దుష్ప్రభావాలను నమోదు చేసే కేంద్ర ప్రభుత్వ ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం నంబరు 1800-180-3024కి చెప్పడం. రోగులు, కుటుంబాలు కూడా చెప్పవచ్చు, డాక్టరే చెప్పాలని లేదు. రెండోది, తమ్ముడి ఆసుపత్రి ఫైలు మొదటి పేజీ మీద పెద్ద అక్షరాలతో రాయడం: మందు పేరు, ఎన్ని మి.గ్రా., పక్కన ఏ గ్యాస్ మందు, ఎన్నో రోజున ఏమైంది, ఏం చేస్తే తగ్గింది. రేపు ఉద్యోగానికి బెంగళూరో పుణెయో వెళ్ళి అక్కడ కొత్త డాక్టరు ముందు కూర్చున్నప్పుడు అతని చేతిలో ఉండాల్సిన కాగితం అదే.